డబ్బు పెట్టినవాడిదేనా క్లబ్బు?

బ్లాక్‌బర్న్ రోవర్స్ ఊసెత్తితే మనవాళ్ళ నోట ఒకటే మాట. ‘మనవాళ్ళు ఇంగ్లండు వెళ్ళి ఫుట్‌బాల్ క్లబ్బు కొన్నారు, కోట్లు పోశారు. ఆటన్నాక ఓటమి ఎవరికైనా ఉండేదే. దానికే అక్కడి తెల్లవాళ్ళు ఓర్వలేక రచ్చ చేశారు.’ తణుకు, అనపర్తి వైపు కోళ్ళ రైతుల దగ్గర ఈ మాట విన్నాను. అర్ధరాత్రి దాకా మేలుకుని ప్రీమియర్ లీగ్ చూసే హైదరాబాద్ కుర్రాళ్ళ దగ్గర విన్నాను. ఇంగ్లండులో స్థిరపడిన మన బంధువుల ఇళ్ళలోనూ విన్నాను. చెప్పేవాళ్ళు ఎంత నమ్మకంగా చెబుతారంటే, వినేవాడికి ఎదురు ప్రశ్న వేయడం స్వజనద్రోహంలా అనిపిస్తుంది. ఆ మాట తప్పు. దాన్ని ఇన్నేళ్ళుగా మోస్తూ రావడం ఇంకా పెద్ద తప్పు.

ముందు వాళ్ళ వాదనను ఉన్నదున్నట్టు చెప్పాలి. బ్లాక్‌బర్న్‌ను 2010 నవంబరులో కొన్నది పుణె కేంద్రంగా నడిచే కోళ్ళ వ్యాపార సంస్థ వెంకీస్. ఆ వ్యాపారానికి మూలపురుషుడు బండా వాసుదేవరావు హైదరాబాదులో పుట్టినవాడు, దేశంలో కోళ్ళ పరిశ్రమకు రూపం ఇచ్చినవాడు. ఆయన పిల్లలు ఒకప్పటి ఇంగ్లండు ఛాంపియన్ జట్టుకు యజమానులయ్యారంటే మనకు గర్వంగా ఉండటంలో వింత లేదు. ఏటా మూడు జట్లు ప్రీమియర్ లీగ్ నుంచి దిగిపోవాల్సిందే, అది ఆ లీగ్ నిబంధన. బ్లాక్‌బర్న్ లక్షా ఇరవై వేల మంది ఉండే ఊరు, మాంచెస్టర్, లండన్ డబ్బుతో తూగలేదు. యజమానులు ఇప్పటిదాకా 20 కోట్ల పౌండ్లకు పైగా పెట్టారని లెక్క, అందులో తిరిగి తీసుకున్నది దాదాపు ఏమీ లేదు. ఫుట్‌బాల్ తెలియనివాళ్ళని ఏజెంట్లు దారి తప్పించారు. పైగా నిరసనల్లో వాళ్ళ జాతినీ, వాళ్ళ వృత్తినీ హేళన చేశారు. ఇదీ వాదన. ఇందులో ఒక్కో మాటా విడిగా చూస్తే చాలావరకు నిజమే. వాటిని కలిపి తీసిన తీర్పే నిజం కాదు.

జట్టు ప్రీమియర్ లీగ్ నుంచి దిగిపోయిన రాత్రి ఏం జరిగిందో గుర్తు చేసుకుందాం. 2012 మే 7, సోమవారం. బ్లాక్‌బర్న్ సొంత మైదానం యూవుడ్ పార్క్‌లో వాన. విగన్ మీద గెలవకపోతే పని అయిపోయినట్టే. ఆట మొదలైన కాసేపటికి ఎవరో బ్లాక్‌బర్న్ జెండా కప్పి ఒక కోడిని మైదానంలోకి వదిలారు. నీలం, తెలుపు గుడ్డ చుట్టుకున్న ఆ కోడి తడిసిన గడ్డి మీద దిక్కుతోచక పరుగెత్తింది. ప్రపంచమంతా దాన్నే చూసి నవ్వింది. మనవాళ్ళకూ గుర్తుండిపోయింది ఆ కోడే. ఆ తర్వాత గంటకు పైగా జరిగింది ఎవరికీ గుర్తు లేదు. 87వ నిమిషంలో కార్నర్ నుంచి వచ్చిన బంతిని విగన్ డిఫెండర్ అల్కరాజ్ తలతో గోలులోకి కొట్టాడు. వరసగా 11 ఏళ్ళు ప్రీమియర్ లీగ్‌లో ఉన్న జట్టు అక్కడితో దిగిపోయింది.

ఒకటి. ‘ఓటమి సహజం, చిన్న ఊరు ఎంతకని నిలబడుతుంది?’

ఈ చిన్న ఊరు అప్పటికి ఏం చేసిందో చూడండి. 1875లో పుట్టిన క్లబ్బు. 1888లో ఫుట్‌బాల్ లీగ్ పెట్టిన పన్నెండు క్లబ్బుల్లో ఒకటి. 1992లో ప్రీమియర్ లీగ్ మొదలైనప్పుడూ ఉంది. అదే ఊళ్ళో పుట్టి ఉక్కు వ్యాపారంలో సంపాదించిన జాక్ వాకర్ డబ్బుతో, కెన్నీ డాల్గ్లీష్ శిక్షణలో 1995లో ఛాంపియన్ అయింది. సరే, అది వాకర్ డబ్బు అనుకుందాం. ఆయన 2000లో పోయాడు. ఆ తర్వాత? 2002లో లీగ్ కప్పు. 2003లో ఆరో స్థానం, 2006లో మళ్ళీ ఆరు, 2008లో ఏడు. కొత్త యజమానులు రావడానికి కొన్ని నెలల ముందు, 2010 మేలో పదో స్థానం. వాళ్ళు కొన్న నెలలోపే మేనేజర్ శామ్ అలర్డైస్‌ను తీసేశారు. ఆ రోజుకు జట్టు 13వ స్థానంలో ఉంది. మరి కొన్ని వారాలకు, ఆ క్లబ్బును ఏళ్ళ తరబడి పొదుపుగా నడిపిన ఛైర్మన్ జాన్ విలియమ్స్ వెళ్ళిపోయాడు. క్లబ్బు ఎట్లా నడవాలో తెలిసిన జ్ఞానమంతా ఒక్క శీతాకాలంలో గుమ్మం దాటింది.

ఆ సీజన్ ఆఖరి రోజున వోల్వ్స్ మీద 3-2తో గెలిచి బతికి బయటపడ్డారు. పాఠం నేర్చుకోవడానికి అంతకన్నా పెద్ద హెచ్చరిక ఉండదు. ఆ వేసవిలోనే ఫిల్ జోన్స్‌ను మాంచెస్టర్ యునైటెడ్‌కు అమ్మారు. సీజన్ మధ్యలో ర్యాన్ నెల్సెన్ టోటెన్‌హామ్‌కూ, క్రిస్టఫర్ సాంబా రష్యాకూ పోయారు. ముగ్గురూ జట్టు వెనక గోడ. స్కాట్ డాన్‌ను తెచ్చారు, నిజమే. ముగ్గురు పోయిన చోట ఒక్కడు ఎట్లా సరిపోతాడు? ఆ సీజన్‌లో 38 ఆటల్లో పడిన గోల్స్ 78. వచ్చిన పాయింట్లు 31. గోల్స్ కొట్టలేక పడిపోయిన జట్టు కాదిది. యాకుబు ఒక్కడే లీగ్‌లో 17 కొట్టాడు. సెప్టెంబరులో ఆర్సెనల్‌ను 4-3తో ఓడించింది. డిసెంబరు 31న ఓల్డ్ ట్రాఫర్డ్‌లో మాంచెస్టర్ యునైటెడ్‌ను 3-2తో ఓడించింది. ఆ ఏడాది యునైటెడ్, సిటీ రెండూ 89 పాయింట్ల దగ్గర ఆగి, గోల్ తేడాతో సిటీ ఛాంపియన్ అయిందంటే, అందులో బ్లాక్‌బర్న్ చేతి దెబ్బ కూడా ఉంది. అటువంటి జట్టు తన గోడను తానే కూల్చుకుంటే దాన్ని ప్రకృతి ధర్మం అనడం ఏ తర్కం?

చిన్న ఊరనే సాకు ఇంకా మిగిలి ఉంటే, పక్కనే ఉన్న బర్న్‌లీని చూడండి. పదిమైళ్ళ దూరం. బ్లాక్‌బర్న్ కన్నా చిన్న ఊరు. 2016 నుంచి వరసగా ఆరేళ్ళు ప్రీమియర్ లీగ్‌లో ఉంది, 2018లో ఏడో స్థానంలో నిలిచి యూరప్ పోటీకి వెళ్ళింది. పెద్ద డబ్బేమీ లేదు. ఒకే మేనేజర్‌ను ఏళ్ళ తరబడి ఉంచుకుంది. అంతే.

రెండు. ‘ఏజెంట్లు మోసం చేశారు, వాళ్ళకేం తెలుసు?’

ఇది అన్నిటికన్నా బలహీనమైన వాదన. అయినా జనం జాలిగా చెప్పేది ఇదే. కొనుగోలుకు సలహా ఇచ్చిన ఏజెంటే కొత్త మేనేజర్ స్టీవ్ కీన్‌కూ ఏజెంటన్న సంగతి అప్పట్లోనే పత్రికల్లో వచ్చింది. తెలియని వ్యాపారంలో అడుగు పెట్టేవాడు సలహా చెప్పేవాడి లాభం ఎక్కడుందో ముందు చూసుకుంటాడు. కోళ్ళ మేత కొనేటప్పుడు మొక్కజొన్న తేమ చూడకుండా లారీ దించుకునే రైతు ఉంటాడా?

ఒకసారి మోసపోతే అమాయకత్వం అనుకుందాం. దిగిపోయిన తర్వాతి సీజన్ సంగతేమిటి? 2012 సెప్టెంబరు ఆఖర్లో కీన్ రాజీనామా చేశాడు. ఆ తర్వాత తెచ్చిన హెన్నింగ్ బర్గ్‌ను 57 రోజులకు పంపేశారు. ఆయన 1995 ఛాంపియన్ జట్టులో ఆడిన మనిషి. ఆయన తర్వాత మైకేల్ ఆపిల్టన్, 67 రోజులు.

లేయర్ పిల్లను షెడ్డులోకి దించాక మొదటి గుడ్డు చూడటానికి కనీసం పద్ధెనిమిది వారాలు పడుతుంది. అంటే 126 రోజులు. అన్ని రోజులూ మేత పోయాలి, టీకాలు వేయాలి, దీపం వెలుతురు చూసుకోవాలి, పైసా రాబడి ఉండదు. మా తణుకు వైపు ఏ రైతునడిగినా చెబుతాడు. ఇద్దరు మేనేజర్లకు కలిపి ఇచ్చిన గడువు 124 రోజులు. దేశానికి ఓపికగా కోడిని పెంచడం నేర్పిన కుటుంబం, తాను కొన్న క్లబ్బుకు ఒక కోడిపిల్లకు ఇచ్చేంత సమయం కూడా ఇవ్వలేదు. అందుకే ‘తెలియక చేశారు’ అనే మాట నాకు మింగుడు పడదు. వాళ్ళకు ఓపిక అంటే ఏమిటో మనందరికన్నా బాగా తెలుసు.

బర్గ్ పరిహారం కోసం కోర్టుకెక్కాడు. అప్పుడు క్లబ్బు ఏమని వాదించింది? ఆ ఒప్పందం మీద సంతకం పెట్టిన తమ సొంత మేనేజింగ్ డైరెక్టర్‌కు అంత అధికారం లేదని! 2013లో హైకోర్టు ఆ వాదనను తోసిపుచ్చి బర్గ్‌కు 22 లక్షల పౌండ్లకు పైగా ఇవ్వమంది. ఒక క్లబ్బులో ఎవరి సంతకం చెల్లుతుందో ఆ క్లబ్బుకే తెలియని పరిస్థితి. దానికి ఏ ఏజెంటు కారణం?

మూడు. ‘కోట్లు పెట్టారు కదా, కృతజ్ఞత ఉండొద్దా?’

అన్నిటికన్నా ఎక్కువగా వినిపించేదీ, అన్నిటికన్నా ప్రమాదమైనదీ ఈ మాట.

లెక్క చూద్దాం. వెంకీస్ ఈ క్లబ్బును 2.3 కోట్ల పౌండ్లకు కొన్నారు, దాని అప్పు అదనం. కొన్నది ప్రీమియర్ లీగ్ క్లబ్బు. దిగిపోయిన ఐదు వారాలకు, 2012 జూన్‌లో, ప్రీమియర్ లీగ్ కొత్త టీవీ ఒప్పందం ప్రకటించింది. బ్రిటన్ హక్కులకే మూడేళ్ళకు 300 కోట్ల పౌండ్లు. లీగ్‌లో ఉన్న ఇరవై జట్లు పంచుకునే డబ్బది. బ్లాక్‌బర్న్ ఆ విందు బంతి నుంచి లేచిపోయింది. తర్వాత యజమానులు ఏటా పూడ్చిన నష్టం, తమ నిర్ణయాలతో తవ్వుకున్న గొయ్యి. గొయ్యి తవ్వినవాడే మట్టి మోస్తుంటే దాన్ని దానం అనం.

ఒక మంచి మాట చెప్పాల్సి ఉంది, చెబుతాను. క్లబ్బు యువ ఆటగాళ్ళ అకాడమీని వాళ్ళు మొదటి శ్రేణిలోనే నిలబెట్టారు. దానికి ఖర్చవుతుంది. బ్లాక్‌బర్న్‌లోనే పుట్టిన ఆడం వార్టన్ ఆ అకాడమీలో పెరిగి, 2024 యూరో కప్పుకు ఇంగ్లండు జట్టులోకి వెళ్ళాడు. అయితే అప్పటికే అతన్ని క్రిస్టల్ ప్యాలెస్‌కు అమ్మేశారు. సొంత పెరట్లో కాసిన కాయను పక్క ఊరి సంతలో పెట్టాల్సి రావడం ఎట్లా ఉంటుందో రైతుకు చెప్పనక్కర్లేదు.

అసలు ప్రశ్న వేరే. డబ్బు పెట్టినంత మాత్రాన జవాబు చెప్పే బాధ్యత పోతుందా? యజమానులు యూవుడ్ పార్క్ గడప తొక్కక ఏళ్ళు గడిచాయి. నష్టం ఎవరిది? 2012లో దిగిపోయిన సీజన్‌లో సగటున 22 వేల పైచిలుకు మంది ఆటకు వచ్చేవారు. ఐదేళ్ళకు అది 13 వేల దరిదాపుల్లోకి పడింది. ఆ తొమ్మిది వేల ఖాళీ కుర్చీలు ఎవరివి? తాత చెయ్యి పట్టుకుని వచ్చి, కొడుకు చెయ్యి పట్టుకుని వచ్చినవాళ్ళవి. జట్టు దిగిపోతే ఆటగాడు వేరే క్లబ్బుకు పోతాడు, మేనేజర్ పరిహారం తీసుకుని పోతాడు. టిక్కెట్ల కిటికీ దగ్గర కూర్చునే మనిషికీ, ఆట రోజున స్టేడియం బయట తినుబండారాలు అమ్ముకునే మనిషికీ పోయే చోటు లేదు. వాళ్ళు పెట్టింది కోట్లు కాదు కాబట్టి వాళ్ళ మాటకు విలువ లేదా?

2017 మే 7న, సరిగ్గా ఐదేళ్ళకు, అదే తేదీన, బ్లాక్‌బర్న్ బ్రెంట్‌ఫర్డ్ మీద 3-1తో గెలిచింది. గెలిచి కూడా దిగిపోయింది. 51 పాయింట్లతో నాటింగ్‌హామ్ ఫారెస్ట్‌తో సమానంగా నిలిచి, గోల్ తేడాతో మూడో అంచెకు జారింది. ప్రీమియర్ లీగ్ ఛాంపియన్ అయిన క్లబ్బు మూడో అంచెకు పడిపోవడం అదే మొదటిసారి. మరుసటి ఏడాదే పైకి వచ్చింది, 96 పాయింట్లతో. తెచ్చింది టోనీ మోబ్రే అనే మేనేజర్. జట్టు మూడో అంచెకు పడినా ఆయన్ను తీసేయలేదు. ఐదేళ్ళు ఉంచారు. ఈ పద్ధతి 2010లోనే పాటించి ఉంటే ఈ వ్యాసం రాయాల్సిన పని ఉండేది కాదు.

నాలుగు. ‘మనవాళ్ళు కాబట్టే తిట్టారు.’

జాతి పేరుతో తిట్టిన ప్రతి నోరూ నీచమైనదే. అటువంటి మాటలు వినబడ్డాయి, వాటిని సమర్థించేవాణ్ణి నేను నా గుమ్మం ఎక్కనివ్వను. కానీ ఆ తిట్ల చాటున అసలు ఫిర్యాదును పాతిపెట్టడం ఇంకో రకం అన్యాయం.

నిరసన ఎక్కువగా ఎవరి మీద జరిగింది? స్టీవ్ కీన్ మీద. గ్లాస్గోలో పుట్టిన స్కాట్లండువాడు. వారం వారం అతన్ని దిగిపొమ్మని అరిచారు. అది జాతి విద్వేషమా?

బ్లాక్‌బర్న్ ఎటువంటి ఊరో కూడా మనవాళ్ళకు తెలియదు. నూలు మిల్లుల్లో పనికి గుజరాత్ నుంచి, పాకిస్తాన్ పంజాబ్ నుంచి వచ్చి స్థిరపడినవాళ్ళ మనవలు, మునిమనవలు ఉన్న ఊరు. 2021 జనాభా లెక్కల్లో ఆ పురపాలక ప్రాంతంలో మూడో వంతుకు పైగా ఆసియా మూలాలవాళ్ళే. 2022లో రంజాన్ పండుగ నమాజు యూవుడ్ పార్క్ గడ్డి మీదే జరిగింది. ఇంగ్లండులో ఒక ఫుట్‌బాల్ క్లబ్బు మైదానంలో అలా జరగడం అదే మొదలు. ఆ ఊరిని ‘గోధుమరంగు మనుషుల్ని చూడలేని ఊరు’ అనడం, ఆ ఊళ్ళో ఉన్న మనలాంటివాళ్ళనే లేనట్టు చేయడం.

లెస్టర్‌ను చూడండి. వెంకీస్ బ్లాక్‌బర్న్‌ను కొన్న ఏడాదే, 2010లోనే, థాయిలాండ్‌కు చెందిన విచాయ్ శ్రీవద్ధనప్రభ లెస్టర్ సిటీని కొన్నాడు. అప్పటికి లెస్టర్ రెండో అంచెలో ఉంది, బ్లాక్‌బర్న్ పై అంచెలో. ఇద్దరు యజమానులూ ఆసియావాళ్ళే. ఆరేళ్ళకు లెస్టర్ ఇంగ్లండు ఛాంపియన్ అయింది. విచాయ్ తరచూ ఆటలకు వచ్చేవాడు. 2018 అక్టోబరులో స్టేడియం బయటే హెలికాప్టర్ కూలి ఆయన చనిపోతే, తెల్లా నల్లా తేడా లేకుండా ఊరు ఊరంతా పూలు తెచ్చి గోడ పొడవునా పేర్చింది. ఈరోజు స్టేడియం బయట ఆయన విగ్రహం ఉంది. ఇంగ్లండు జనం ఆసియా యజమానిని చూడలేరంటే ఆ పూలకు ఏమని జవాబు చెబుదాం?

పోనీ ఇంగ్లిషు యజమానులను వదిలేశారా? బ్లాక్‌బర్న్‌కు కాస్త దూరంలో బరీ అనే ఊరుంది. 1885లో పుట్టిన క్లబ్బు. డబ్బు కట్టలేక 2019 ఆగస్టులో లీగ్ నుంచే వెలివేయబడింది. యజమాని ఇంగ్లిషువాడే. బరీ జనం అతన్ని తిట్టిన తిట్లు తక్కువేం కాదు. బ్లాక్‌పూల్‌లో క్లబ్బు యజమానులైన ఒక ఇంగ్లిషు కుటుంబం మీద కోపంతో అభిమానులు ఏళ్ళ తరబడి స్టేడియం బహిష్కరించారు. కోపం ఎక్కడైనా ఒకే చోట పుట్టింది: మా బతుకు మీద నిర్ణయం తీసుకుంటారు, మాతో మాట్లాడరు.

‘వెంకీస్ లేకపోతే బ్లాక్‌బర్న్ కూడా బరీ అయ్యేది’ అనేవాళ్ళున్నారు. బరీ చచ్చింది యజమాని లేక కాదు. అడిగే అధికారం ఎవరికీ లేని యజమాని ఉండబట్టి. ఒక్కడి చేతి డబ్బు మీద, ఒక్కడి ఇష్టం మీద నూరేళ్ళ సంస్థను వేలాడదీస్తే ఏమవుతుందో బరీ చూపించింది. ఆ ఉదాహరణ ఈ వాదనకు పనికిరాదు, నా వాదనకే పనికొస్తుంది.

ఇక మన గర్వం మాట.

బండా వాసుదేవరావు ఫొటో మా నాన్న ఫారం ఆఫీసు గదిలో ఉండేది. పక్కనే గోడకు ఆ రోజు గుడ్డు రేటు రాసే నల్లబోర్డు. ఎనభయ్యో దశకం మొదట్లో గుడ్డు ధర దళారి చెప్పినంత. మేత ఖర్చు కూడా రాని రోజుల్లో ఆయన ఊరూరా తిరిగి కోళ్ళ రైతులను కూడగట్టాడు. 1982లో జాతీయ గుడ్ల సమన్వయ సంఘం (నెక్) పుట్టింది. ‘నా గుడ్డు, నా ధర, నా బతుకు’ అన్నది ఆ సంఘం నినాదం. ఆ రోజు నుంచి గుడ్డు ధర ప్రకటించేది రైతుల సంఘం. ఇప్పటికీ పొద్దున్నే పేపర్లో నెక్ రేటు చూడకుండా మా వైపు ఫారం తలుపు తీయరు. ఎవరి కష్టం మీద వ్యాపారం నడుస్తుందో వాళ్ళకు అందులో మాట ఉండాలన్నదే ఆయన ఉద్యమం.

యూవుడ్ పార్క్ గుమ్మం దగ్గర బ్యానర్ పట్టుకుని నిలబడ్డవాళ్ళు అడిగింది సరిగ్గా అదే. వాళ్ళను తిట్టిపోసి మనం ఎవరిని గౌరవిస్తున్నాం? ఆయన పేరు చెప్పుకుని ఆయన చెప్పిన దానికి ఎదురు నిలబడుతున్నాం.

2025 జులైలో బ్రిటన్ పార్లమెంటు ఫుట్‌బాల్ పాలన మీద చట్టం చేసింది. క్లబ్బుల మీద స్వతంత్ర నియంత్రణ సంస్థ వచ్చింది. యజమాని తగినవాడా కాదా పరీక్షిస్తుంది. ముఖ్యమైన నిర్ణయాల్లో అభిమానులను సంప్రదించమంటుంది. బరీ లాంటి చోట్ల జనం పడిన బాధ లేకపోతే ఆ చట్టం వచ్చేది కాదు. ఆ బాధలో బ్లాక్‌బర్న్‌కూ వాటా ఉంది. అందులో మనవాళ్ళ చేయి ఉందని ఒప్పుకోవడానికి సిగ్గుపడక్కర్లేదు. సిగ్గుపడాల్సింది దాన్ని కప్పిపుచ్చడానికి.

‘మనవాళ్ళు’ అనే మాటకు ఏమైనా అర్థం ఉంటే, మనం చేయాల్సింది ఒకటుంది. బ్లాక్‌బర్న్ జనాన్ని తిట్టడం మానాలి. పుణెలో ఉన్న యజమానులను అడగాలి: ఒక శనివారం మధ్యాహ్నం యూవుడ్ పార్క్‌కు వెళ్ళండి, నీలం తెలుపు చొక్కాల మధ్య మామూలు కుర్చీలో కూర్చుని తొంభై నిమిషాలు ఆట చూడండి, ఆట అయ్యాక లేచిపోకుండా వాళ్ళు అడిగిన దానికి జవాబు చెప్పండి.